వేలానికి వచ్చిన ఇల్లు: అడ్డుపడటం పాపమా?

రొంపిచెర్లలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక సోదరుడు మస్జిద్ అరుగు మీదే కూర్చుండిపోయారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. కోర్టు నుంచి వచ్చిన వేలం నోటీసు అది. నన్ను చూసి లేచి నిలబడ్డారు. "భాయ్‌సాబ్, ఒక్క మాట అడగాలి. దీని మీద కోర్టులో అభ్యంతరం వేస్తే అల్లాహ్ దగ్గర నాకు పాపం అవుతుందా?" అన్నారు.

ఇల్లు దక్కుతుందా అని ఆయన అడగలేదు. పాపమా కాదా అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే ఈ వ్యాసం.

ఆయన సంగతి పల్నాడులో చాలామందికి తెలిసిన సంగతే. సొంత పొలం లేదు. కౌలుకు తీసుకుని మిరప వేస్తారు. 2020లో అదే ఊళ్ళో, అదే జమాఅత్‌లో నమాజుకు నిలబడే ఒక వ్యాపారి దగ్గర రెండున్నర లక్షల రూపాయలు అప్పు తీసుకున్నారు. ప్రామిసరీ నోటు రాశారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అని అందులో ఉంది. 'అందరూ అలాగే రాస్తారు కదా' అని ఇద్దరూ ఊరుకున్నారు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరప తోటల్ని పూత దశలోనే తుడిచిపెట్టింది. ఈయన తోటలో కోతకు పెట్టే కూలి కూడా రాలేదు. కౌలు బాకీ, పురుగుమందుల బాకీ తీర్చేసరికి నోటు బాకీ అలాగే మిగిలింది. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు కాబట్టి 2023లో వ్యాపారి దావా వేశారు. డిక్రీ అయింది. వడ్డీ, ఖర్చులు కలిపి నాలుగున్నర లక్షలు తేలింది. తర్వాత ఈపీ, జప్తు, ఇప్పుడు వేలం.

ఉన్నది ఆరు సెంట్ల స్థలం. ముందు మూడు సెంట్లలో రెండు గదుల శ్లాబు ఇల్లు. వెనక మూడు సెంట్లు ఖాళీ. అందులో గేదెను కట్టేస్తారు. ఆ ఖాళీ జాగాకు వెనక వీధి నుంచి దారి ఉంది. వేలం నోటీసులో మాత్రం ఆరు సెంట్లూ, ఇల్లూ ఒకే ఆస్తిగా చూపారు. ఆ వెనక జాగా ఒక్కటి అమ్మితే బాకీ తీరిపోతుందని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

మూడు రకాల సలహాలు ఆయన చెవిన పడ్డాయి. కోర్టు దగ్గర తిరిగే ఒకాయన, "నోటీసే అందలేదని అఫిడవిట్ వేయి, నాలుగైదేళ్ళు లాగొచ్చు" అన్నారు. నిజానికి నోటీసు అందింది, దాని మీద సంతకం ఆయనే చేశారు. ఒక బంధువు, "ఇల్లు ఎప్పుడో నీ భార్యకు హిబా చేశానని చెప్పు. మనలో నోటి మాటతో హిబా చెల్లుతుంది కదా" అన్నారు. జమాఅత్‌లో ఒక పెద్దాయన మాత్రం, "అప్పు నిజం, తీర్పు అయింది. ఇక అడ్డుపడటం హరామ్. షహీద్ అయినవాడికి కూడా అప్పు మాఫీ కాదు" అని గట్టిగా చెప్పారు. ఈ మూడో మాట విన్నప్పటి నుంచి తనకు నిద్ర లేదని ఆ సోదరుడు అన్నారు.

పెద్దాయన మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. షహీద్ పాపాలన్నీ క్షమించబడతాయి, అప్పు తప్ప అన్న హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తి జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) నమాజు చేయించకుండా ఆగారు. ఆ అప్పు నా మీద వేసుకుంటున్నానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) అన్న తర్వాతే నమాజు చేయించారు. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు రాసుకోవడం గురించి (అల్ బఖరా 282). ఇస్లాంలో అప్పు అంటే ఇద్దరి మధ్య డబ్బు లావాదేవీ మాత్రమే కాదు. అది తోటి దాసుడి హక్కు. ఆ హక్కుదారుడు మాఫీ చేయనంత వరకు తౌబాతో కూడా తొలగదు.

అయితే అప్పు తీర్చాలి అనేది ఒక మాట. అప్పు పేరు మీద ఎంత అమ్మాలి, ఏ ధరకు అమ్మాలి, బాకీదారుడికి ఏం మిగల్చాలి అనేది వేరే మాట. పెద్దాయన ఈ రెంటినీ ఒకటిగా కలిపేశారు. అప్పిచ్చినవాడికి నాలుగున్నర లక్షల మీద హక్కు ఉంటే ఉండవచ్చు, పన్నెండు లక్షల ఇంటి మీద లేదు. మిగిలిన ఏడున్నర లక్షల విలువ బాకీదారుడి హక్కు, ఆయన భార్యాబిడ్డల నీడ. దాసుడి హక్కు అంత పవిత్రమైనదైతే ఈ దాసుడి హక్కు కూడా పవిత్రమైనదే కదా!

దైవప్రవక్త (స) కాలంలో బాకీదారుడి ఆస్తి అమ్మించిన సందర్భం ఉంది. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) యువకుడు, చెయ్యి ఆగని దాత. ఇస్తూ ఇస్తూ అప్పుల్లో మునిగిపోయారు. చివరికి ఆయన ఆస్తి మీద ఆయనకు అధికారం లేకుండా చేసి, దాన్ని అమ్మి అప్పులవాళ్ళకు ఇప్పించినట్లు దారఖుత్నీ, బైహఖీ సంకలనాల్లో ఉంది. ఈ ఉల్లేఖనం పరంపర గురించి హదీసువేత్తలు చర్చించారు. అయినా దివాలా విషయంలో ధర్మవేత్తలు ఎక్కువగా ఆధారపడింది దీని మీదే. కాబట్టి న్యాయస్థానం ఆస్తి అమ్మించడమే అన్యాయం అని ఒక ముస్లిం అనలేడు. అదే ముఆజ్ (రజి)ను ఆ తర్వాత యెమెన్‌కు ప్రతినిధిగా పంపారు. ఆస్తి పోయింది గానీ మనిషి పరువు పోలేదు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలోనూ ఒకటి జరిగింది. జుహైనా తెగకు చెందిన ఉసైఫిఅ అనే వ్యక్తి హాజీలందరికన్నా ముందు చేరాలన్న సరదాతో ఎక్కువ ధర పెట్టి, అప్పు చేసి మరీ సవారీ ఒంటెలు కొనేవాడు. దివాలా తీశాడు. ఇతని మీద బాకీ ఉన్నవాళ్ళు రేపు ఉదయం రండి, ఉన్నది పంచుతాం అని ఉమర్ (రజి) ప్రజల ముందు ప్రకటించారు. అప్పు మొదట దిగులు, చివర కలహం అని హెచ్చరించారు. ఈ సంఘటన మువత్తాలో ఉంది. పొలంలో పురుగు పడి చితికిపోయినవాడినీ, సరదాకు ఒంటెలు కొన్నవాడినీ ఒకే కళ్ళతో చూడకూడదు. కానీ ఇద్దరి విషయంలోనూ ఉన్నదాన్ని పంచడం అనే పద్ధతి మాత్రం ఒకటే.

మరి ఇంటి సంగతి? ఇక్కడ మన ఇమాములు ఎంత లోతుగా ఆలోచించారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అసలు ఖాజీ బాకీదారుడి ఆస్తిని అతడి ఇష్టం లేకుండా అమ్మకూడదన్నారు. బుద్ధి సరిగా ఉన్న వయోజనుడి చేతిలోంచి అతడి ఆస్తి మీద అధికారం లాక్కోవడం మనిషిగా అతడి స్థాయిని తగ్గించడమేనని ఆయన అభిప్రాయం. ఉండి కూడా ఇవ్వకపోతే తానే అమ్మి తీర్చేదాకా నిర్బంధించవచ్చు అన్నారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఒప్పుకోలేదు. ఖాజీ అమ్మవచ్చు అన్నారు. హనఫీ ఫత్వా వీరి మాట మీదే సాగింది. అయితే అమ్మకానికి వరుస పెట్టారు. ముందు నగదు, తర్వాత సామాను, అవి చాలకపోతేనే స్థిరాస్తి. ఒంటి మీద బట్టలు వదలాలి.

నివసించే ఇంటి దగ్గర ఇమాములు రెండుగా చీలారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ ఇల్లు అమ్మవచ్చు, అతడికి అద్దె ఇల్లు చూడాలి అన్నారు. ఆ ఇల్లు లేనిదే గడవని స్థితి ఉంటే దాన్ని అమ్మకూడదన్నది ఇమామ్ అహ్మద్ మార్గం. ఇబ్నె ఖుదామా తన 'అల్ ముగ్నీ'లో ఈ చర్చనంతా వివరించారు. ఇల్లు అవసరానికి మించి పెద్దదైతే దాన్ని అమ్మి, అతడికి తగిన చిన్న ఇల్లు కొనిచ్చి, మిగిలింది అప్పులవాళ్ళకు ఇవ్వాలని కూడా చెప్పారు. 1869-76 మధ్య ఉస్మానియా రాజ్యంలో హనఫీ ఫిఖహ్‌ను చట్టంగా కూర్చిన 'మజల్లా' కూడా 999వ అధికరణంలో ఇదే దారి పట్టింది. అంటే ఇల్లు మొత్తం ఒక్క దెబ్బకు పోవాలని చెప్పినవారు తక్కువ. ఎంత చాలు, ఎంత మిగలాలి అని కొలిచినవారే ఎక్కువ.

ఇక మన దేశ చట్టం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం వ్యవసాయదారుడు, కూలీ, ఇంటి పనివాడు తాము కాపురం ఉంటున్న సొంత ఇల్లు, దాన్ని అనుభవించడానికి అవసరమైన ఆనుకుని ఉన్న స్థలం డిక్రీ కింద జప్తుకు రావు. ఈ రక్షణ వదులుకుంటున్నానని ముందుగా రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదు. ఆ సోదరుడు ప్రధానంగా సేద్యం మీదే బతుకుతున్నారా అన్నది సాక్ష్యంతో కోర్టు తేల్చాల్సిన విషయం. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకు ఈ రక్షణ పనిచేయదు. బ్యాంకు తాకట్టు అయితే 2002 నాటి సర్‌ఫేసీ చట్టం, డెట్ రికవరీ ట్రిబ్యునల్ అని దారే వేరు. ఈయనది ఉత్త నోటు బాకీ.

అదే కోడ్‌లో 21వ ఆర్డరు 64వ రూలు ఇంకా సూటిగా ఉంది. డిక్రీ సొమ్ముకు ఎంత అవసరమో అంత భాగమే అమ్మాలి. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో రెండు గ్రామాల భూములు వేలానికి పెట్టారు. ఒక గ్రామం భూమికి వచ్చిన ధరతోనే బాకీ తీరిపోయింది. అయినా ఆపకుండా రెండో గ్రామం భూమి కూడా అమ్మేశారు. ఆ రెండో అమ్మకం చెల్లదని 1977లో తీర్పు వచ్చింది. 1989లో మరో కేసు, అదీ మన రాష్ట్రానిదే. రెండు వేల నాలుగు వందల లోపు బాకీకి పదెకరాలు రూ.17,000కు అమ్మారు. అవసరమైనంతే అమ్మడం కోర్టు ఇష్టాయిష్టాల విషయం కాదు, దాని బాధ్యత అని సుప్రీంకోర్టు చెప్పి ఆ వేలాన్ని కొట్టేసింది. ఆ రెండు కేసుల్లోనూ అప్పు నిజమే. అప్పు లేదని ఎవరూ అనలేదు. అభ్యంతరమల్లా అమ్మిన తీరు మీద, అమ్మిన మేర మీద.

షరీఅత్, ఈ చట్టం ఒకటేనని నేను అనడం లేదు. వడ్డీ దగ్గరే రెండూ విడిపోతాయి. కానీ బాకీకి మించి అమ్మకు, తల దాచుకునే చోటు చూడు అనే దగ్గర రెండూ పక్కపక్కనే నిలబడుతున్నాయి. అలాంటి చోట చట్టం ఇచ్చిన హక్కును అడగడం దైవభీతికి విరుద్ధం ఎలా అవుతుంది? వెనక జాగా అమ్మండి, ఇల్లు వదలండి అని కోర్టును కోరడం అప్పు ఎగ్గొట్టడం కాదు. అప్పు తీరే దారిని తానే చూపించడం.

అడిగేదేదో తొందరగా అడగాలి. వేలం ప్రకటన తయారయ్యే నాటికి లేవనెత్తగలిగిన అభ్యంతరాన్ని, అప్పుడు మౌనంగా ఉండి, వేలం అయిపోయాక 90వ రూలు కింద తీసుకొస్తే కోర్టు వినదు. వేలం తర్వాత రద్దు కోరాలంటే అరవై రోజుల్లో వేయాలి. అక్రమమో మోసమో జరిగిందని, దానివల్ల గణనీయమైన నష్టం కలిగిందని చూపాలి. ధర తక్కువ పలికిందన్న ఒక్క మాట చాలదు. పాట ముగిసేలోగా బాకీ, ఖర్చులు కట్టేస్తే వేలం ఆగుతుంది. పాట అయిపోయినా, అదే అరవై రోజుల్లో ప్రకటనలో చూపిన బాకీతో పాటు, పాడుకున్నవాడికి పాట సొమ్ములో నూటికి ఐదు వంతున డిపాజిట్ చేస్తే ఇల్లు వెనక్కి వస్తుంది. మన ఇళ్ళల్లో నోటీసు రాగానే దాన్ని బీరువాలో బట్టల కింద దాచి దుఆ చేస్తూ కూర్చుంటారు. దుఆ చేయాలి, నోటీసు వెంటనే వకీలుకు చూపించాలి కూడా.

ఇప్పుడు మిగతా రెండు సలహాల దగ్గరకు వద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నోటీసు అందలేదని అఫిడవిట్ వేయడం అబద్ధపు ప్రమాణం. అన్యాయంగా పరుల సొమ్ము తినేందుకు వ్యవహారాన్ని న్యాయాధిపతుల దగ్గరకు తీసుకుపోవద్దని అల్ బఖరా 188వ ఆయతు హెచ్చరిస్తోంది. సాక్ష్యం మీకే వ్యతిరేకంగా పోయినా, తల్లిదండ్రులకు వ్యతిరేకంగా పోయినా న్యాయం మీదే నిలబడమని అన్నిసా 135వ ఆయతు ఆదేశిస్తోంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు ఇంకా భయపెడుతుంది. నేనూ మనిషినే, మీలో ఒకరు రెండోవారికన్నా నేర్పుగా వాదించవచ్చు, విన్నదాన్ని బట్టి నేను తీర్పు ఇస్తాను, అలా ఒకరికి తన సోదరుడి హక్కు దక్కితే అది అగ్ని ముక్క అన్నది దాని భావం. దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పే హరామ్‌ను హలాల్ చేయదంటే, నరసరావుపేట కోర్టులో వచ్చిన స్టే ఆర్డరు ఎలా చేస్తుంది? ఈ హదీసు రెండు వైపులా కోస్తుంది. బాకీదారుడు అబద్ధంతో తెచ్చుకున్న స్టే అగ్ని ముక్క అయితే, అప్పిచ్చినవాడు డిక్రీ చేతిలో ఉంది కదా అని తన హక్కుకు మించి తీసుకున్నది కూడా అగ్ని ముక్కే.

హిబా సంగతి ఇంకొంచెం సున్నితమైనది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ ఉంటే ముస్లింలలో నోటి మాటతో ఇచ్చిన హిబా చెల్లుతుందన్నది నిజమే. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ కూడా ముస్లింల హిబాను వదిలిపెట్టింది. మన ధర్మం ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని అప్పులవాళ్ళను ముంచడానికి వాడితే ధర్మాన్నే నవ్వులపాలు చేసినట్టు. ఇవ్వని హిబాను ఇచ్చానని చెబితే అబద్ధం. అప్పులవాళ్ళకు అందకూడదని నిజంగానే రాసి ఇస్తే మోసం. అలాంటి బదిలీని అప్పులవాళ్ళు రద్దు చేయించుకోవచ్చని అదే చట్టం 53వ సెక్షన్ చెబుతోంది. భార్య మహర్, ఆమె పుట్టింటి బంగారం మాత్రం ఆమెవే. భర్త అప్పుకు అవి బాధ్యత వహించవు. అవి తెచ్చి కట్టమని ఆమెను ఒత్తిడి చేయడానికి ఎవరికీ హక్కు లేదు. ఆమె మనసారా ఇస్తే అది ఆమె త్యాగం.

ఇదంతా చెప్పాక ఆ సోదరుడు ఒక్క ప్రశ్న వేశారు. "నిజం చెప్పి ఓడిపోతే?"

జరగవచ్చు. ఆయన వ్యవసాయదారుడు కాదని కోర్టు అనుకోవచ్చు. వెనక జాగాకు సరైన ధర రాదని అమీను రిపోర్టు రాయవచ్చు. నిజం చెప్పినవాడి ఇల్లు తప్పకుండా నిలుస్తుందని హామీ ఇచ్చే ఆయతు గానీ, హదీసు గానీ నాకు తెలియదు. ముఆజ్ (రజి) అంతటివారి ఆస్తే పోయింది. ఒకటి మాత్రం ఉంది. తిరిగి ఇవ్వాలనే ఉద్దేశంతో అప్పు తీసుకున్నవాడి తరఫున అల్లాహ్ తీరుస్తాడని, ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడని బుఖారీలోని హదీసు చెబుతోంది. ఆ ఉద్దేశం ఏమిటో ఇప్పుడు అఫిడవిట్‌లో తేలుతుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఇంకేమీ కలపలేదు.

తీర్చే స్తోమత ఉండి వాయిదా వేయడం దౌర్జన్యం అన్న హదీసును కూడా బాకీదారుడు తనకు తాను అన్వయించుకోవాలి. గేదె పాలడబ్బు, ఈ ఏటి పంట సొమ్ము, రావలసిన బాకీలు దాచి పెట్టుకుని పేదరికం చూపిస్తే ఆ దౌర్జన్యం ఆయనదే. వెనక జాగా తానే అమ్మకానికి పెట్టి ఉండవలసింది, రెండేళ్ళ కిందటే. పిల్ల పెళ్ళికి ఉంటుందని ఆగానని ఆయనే ఒప్పుకున్నారు. అవసరానికి మించిన ఆస్తి చేతిలో ఉంచుకుని అప్పును ఆపడం, పెళ్ళి కోసమైనా సరే, సరికాదని చెప్పక తప్పలేదు.

వ్యాపారి గురించి ఆయన వెనక మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఆయనా తన డబ్బు కోసం ఏళ్ళుగా తిరిగిన మనిషి. అయినా ఆయనా మన పాఠకుడే కావచ్చు కనుక రెండు మాటలు. అల్ బఖరా 279, 280 ఆయతులు వరసగా ఉన్నాయి. మొదటిది మీ అసలు మీకు చెందుతుంది, మీరు అన్యాయం చేయవద్దు, మీకూ అన్యాయం జరగకూడదు అంటోంది. రెండోది బాకీదారుడు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా గడువు ఇవ్వమంటోంది, మాఫీ చేస్తే అది ఇంకా మేలంటోంది. కోర్టు డిక్రీలో వడ్డీ కలిసింది. రెండున్నర లక్షల మీద పడ్డ రెండు లక్షల్లో దావా ఖర్చులు పోగా మిగిలింది ఏమిటో ఆయనకు తెలుసు. ఆ వడ్డీని కోర్టు ఇప్పించినా ముస్లింకు హలాల్ కాదు. ఆయన అసలు, నిజంగా అయిన ఖర్చులు తీసుకుంటే వెనక జాగా మొత్తం కూడా అమ్మనక్కరలేదు.

హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీదారుడు ఇబ్నె అబీ హద్రద్ (రజి)తో మస్జిద్‌లోనే గొంతు పెంచి వాదిస్తుంటే దైవప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం తగ్గించమని చేత్తో సైగ చేశారు. కఅబ్ (రజి) వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు రెండో వ్యక్తితో, లేచి వెళ్ళి మిగతాది కట్టు అన్నారు. ఈ సంఘటనను మనం సాధారణంగా సగమే చెప్పుకుంటాం. తగ్గించమన్నది అప్పిచ్చినవాళ్ళు మరిచిపోతారు. లేచి కట్టమన్నది బాకీదారులు మరిచిపోతారు.

రాజీ కుదిరితే దాన్ని కోర్టులో నమోదు చేయించాలి. బయట కట్టిన సొమ్ము, బయట కుదిరిన సర్దుబాటు కోర్టు రికార్డులోకి ఎక్కకపోతే డిక్రీ అమలు చేసే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. డిక్రీ అయిపోయాక వాయిదాల మీద కట్టడానికి కూడా డిక్రీదారుడి సమ్మతి కావాలి. మనవాళ్ళే కదా అని నోటి మాటతో వదిలేయడం 282వ ఆయతు నేర్పిన పద్ధతి కాదు.

ఇక వేలంలో పాడేవాళ్ళు. వీళ్ళను ఎవరూ అడగరు. వేలం హలాలే. ఒక పేద అన్సారీ ఇంట్లోని కంబళి, నీళ్ళ గిన్నె తెప్పించి, ఎవరు ఎక్కువ ఇస్తారని అడిగి దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేసిన సంఘటన తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లో ఉంది. ఒక దిర్హమ్ దగ్గర ఆగక రెండు దిర్హములకు ఇచ్చారు. పేదవాడి వస్తువుకు ఇంకొంచెం ఎక్కువ ధర రాబట్టడమే ఆ వేలం ఉద్దేశం. మన దగ్గర నలుగురు ముందుగా కూడబలుక్కుని 'నువ్వు పాడకు, నేనూ పాడను, వాడొక్కడే పాడతాడు, తర్వాత పంచుకుందాం' అనుకుంటారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే నజ్ష్‌ను దైవప్రవక్త (స) నిషేధించారు. కూడబలుక్కుని ధర తొక్కేయడమూ అంతకు తక్కువ మోసం కాదు. డిక్రీదారుడే పాడాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలన్న నియమం ఊరికే పెట్టలేదు. న్యాయమైన ధరకు కొన్నవాడి మీద దోషం లేదు. అయినా పొరుగువాడి ఇల్లు చవకగా వచ్చిందని మిఠాయి పంచే ముందు, ఆ ఇంటివాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారో ఒకసారి కనుక్కోవాలి.

జమాఅత్ సంగతి కూడా ఒకటుంది. అత్తౌబా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఉన్నారు. నివసించే ఇల్లు ఉన్నంత మాత్రాన మనిషి జకాత్‌కు అనర్హుడు కాడు. కాపురం ఉండే ఇంటిని నిసాబ్‌లో లెక్కించరు. పండ్లు కొని ఆపదలో నష్టపోయి అప్పులపాలైన వ్యక్తికి దానం చేయమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. వచ్చింది అప్పుకు చాలలేదు. దొరికింది తీసుకోండి, మీకు ఇంతే అని అప్పులవాళ్ళతో అన్నారు. హజ్రత్ అబూ సయీద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. ఈ సోదరుడి విషయంలో మాత్రం ముందు వెనక జాగా అప్పుకు పోవాలి, ఆ తర్వాత లోటు ఉంటే అడగాలి అన్నది నా అభిప్రాయం. రంజాన్‌లో జకాత్ డబ్బు బయటి ఊళ్ళకు పంపే పెద్దలు ఊళ్ళో ఏ ఇంటి గోడకు వేలం నోటీసు అంటించారో కూడా చూస్తే బాగుంటుంది.

ఆ రోజు ఆయన కాగితం అరుగు మీద పరిచి, పిటిషన్‌లో ఏం చెప్పాలో చెప్పమన్నారు. అది వకీలు రాసేది, నేను రాసేది కాదు. ఆయన వకీలుకు చెప్పవలసిన మాటలు మాత్రం ఇద్దరం కలిసి వరస పెట్టాం. నోటీసు నాకు అందింది, సంతకం నాదే. బాకీ నిజం. నేను సేద్యం చేసుకునేవాణ్ణి, ఈ ఇల్లు తప్ప నాకు మరో ఇల్లు లేదు. వెనక మూడు సెంట్లకు వేరే దారి ఉంది, దాని ధర ఇంత, బాకీకి అది చాలుతుంది, దాన్నే అమ్మండి.

మొదటి రెండు మాటలు రాసుకునేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం ఆగింది. రాసుకున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని అస్ర్ దాకా మస్జిద్‌లోనే ఉంటానన్నారు. వ్యాపారి అస్ర్‌కు తప్పకుండా వస్తారట.